పసిబిడ్డ రక్తం కూడా అమానతే

విస్సన్నపేటలో మగ్రిబ్ నమాజు ముగిసే వేళకు మస్జిద్ గుమ్మం ముందు నలుగురైదుగురు తల్లులు పసిబిడ్డలను చంకనెత్తుకొని నిలబడి ఉంటారు. వారిలో మన సోదరీమణులే కాదు, హిందూ సోదరీమణులు కూడా ఉంటారు. నమాజు చదివి వచ్చేవారి చేత ఊదించుకొంటే బిడ్డకు మేలు జరుగుతుందని వారి నమ్మకం. నేను మదరసాలో పాఠాలు చెప్పేవాణ్ణి గనుక నన్ను ప్రత్యేకంగా ఆపి, "హజ్రత్, బిడ్డ అన్నం ముట్టడం లేదు. ఊరికే ఏడుస్తున్నాడు. దిష్టి తగిలిందేమో చూడండి" అంటారు. నేను ఫాతిహా సూరా, ఫలఖ్, నాస్ సూరాలు చదివి ఊదుతాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఇదే నా అలవాటు.

ఇన్నేళ్ళలో పాలిపోయిన ముఖాలు ఎన్ని నా ముందుకు వచ్చాయో లెక్క లేదు. వారిలో ఒక్క బిడ్డ కంటి రెప్పనైనా క్రిందికి లాగి చూసినవాణ్ణి కాను. దుఆ చదివితే నా బాధ్యత తీరిందనుకొనేవాణ్ణి. అలా అనుకోవడం ఎంత పొరపాటో మా ఇంటి బిడ్డ ద్వారానే అల్లాహ్ నాకు తెలియజేశాడు. పాఠక సోదర సోదరీమణులకు ఉపయోగపడగలదన్న ఆశతో ఆ సంగతి వ్రాస్తున్నాను. ఇందులో తప్పు నాది. దానిని దాచడంలో ఎవరికీ మేలు లేదు.

గేదెపాల చెంబు

మా కుమారుడు విజయవాడలో ఒక దుకాణంలో పని చేస్తూ వారానికొకసారి ఇంటికి వచ్చి పోతుంటాడు. కోడలు, మనవడు మా దగ్గరే ఉంటారు. మనవడు నెల రోజులు ముందుగా, తక్కువ బరువుతో పుట్టాడు. అల్హమ్దులిల్లాహ్, తల్లిపాలు సమృద్ధిగా ఉండడం వల్ల ఆరు నెలల వరకు చక్కగానే పెరిగాడు. ఏడో నెలలో కోడలు మెత్తని పప్పన్నం పెట్టడం మొదలుపెట్టింది. వాడు రెండు ముద్దలు తిని ముఖం తిప్పుకొనేవాడు.

అది చూసి నాకు మనసు ఆగలేదు. మా ఇంట పాడిగేదె ఉంది. ఫజ్ర్ నమాజు చదివి రాగానే పాలు పిండడం నా పని. "ఇంట్లో చిక్కటి పాలుండగా బిడ్డను ఈ ముద్దలతో ఎందుకు ఏడిపించడం?" అన్నాను. ఆనాటి నుండి మొదటి చెంబు మనవడిదైంది. ఆకలి వేస్తే పాలసీసా, ఏడిస్తే పాలసీసా, నిద్రకు ముందు పాలసీసా. ఏడాది నిండేసరికి రోజుకు లీటరు పాలు త్రాగుతున్నాడని మదరసాలో తోటి ఉపాధ్యాయులకు గర్వంగా చెప్పుకొన్నాను. సాయంత్రం నేను చాయ్ త్రాగేటప్పుడు ఒళ్ళో కూర్చోబెట్టుకొని, రస్కు చాయ్‌లో ముంచి వాడి నోట పెట్టేవాణ్ణి. అంగన్‌వాడీ నుండి వచ్చిన బాలామృతం పొట్లాలను "ఈ పిండి మన బిడ్డ తినడు" అని నా భార్య గేదె కుడితిలో కలిపేది. నేను చూస్తూ ఊరుకొన్నాను.

ఒకనాడు కోడలు తలుపు చాటున నిలబడి మెల్లగా చెప్పింది: "అబ్బా, నర్సమ్మగారు ఇన్ని పాలు వద్దంటున్నారు. వారానికి రెండుసార్లు వేయమని ఐరన్ సిరప్ ఇచ్చారు." నేను నవ్వి, "మనమంతా పాలు త్రాగి పెరిగినవాళ్ళమే కదా బేటీ" అన్నాను. ఆమె మరి మాట్లాడలేదు. ఆ సిరప్ రెండుసార్లు వేయగానే బిడ్డ విరేచనం నల్లగా వచ్చింది. మా ఆవిడ భయపడి సీసాను అటక మీద పెట్టేసింది. ఐరన్ మందు వేస్తే విరేచనం నల్లబడడం సహజమేనని, భయపడవలసినది కాదని అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. అడిగి తెలుసుకోవాలన్న ఆలోచన కూడా రాలేదు.

పదమూడో నెల వచ్చేసరికి మనవడు పెరట్లో మట్టి ఏరుకొని తినసాగాడు. గోడ సున్నం గీకి నోట్లో పెట్టుకొనేవాడు. నిలబడడానికి ప్రయత్నించేవాడు కాడు. చీటికిమాటికి ఏడ్చేవాడు. ముఖం తెల్లబడింది. దానికి మేమేమి అనుకొన్నామో వ్రాయడానికి సిగ్గుగా ఉంది. "రంగు తేలాడు, దాదీ పోలిక వచ్చింది" అని సంతోషించాము. ఏడుపుకు మాత్రం దిష్టి అని పేరు పెట్టి, మూడు పూటలా నేనే దమ్ చేశాను.

ఒక వారం జ్వరం తగ్గకపోవడంతో బస్సు ఎక్కి తిరువూరులో పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్ళాము. ఆయన బిడ్డ రెప్పను క్రిందికి లాగి చూశారు. అరచేతిని తన అరచేతి ప్రక్కన పెట్టి చూశారు. "ఏం తింటాడు?" అని అడిగారు. నేను ముందుకు వచ్చి, "రోజుకు లీటరు పాలు త్రాగుతాడు డాక్టరు గారూ, మా ఇంటి గేదెపాలు" అన్నాను. ఆయన కలం క్రింద పెట్టి, నన్ను కాక కోడలిని చూసి, "నువ్వు చెప్పమ్మా" అన్నారు. ఆమె కళ్ళ వెంట నీళ్ళు కారాయి. అన్నీ చెప్పింది. నర్సమ్మ మాట, అటక మీది సీసా, గేదె కుడితి, అన్నీ.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 7.2 వచ్చింది. అయిదేళ్ళలోపు పిల్లలకు 11 గ్రాముల కంటే తక్కువ ఉంటే రక్తహీనతగా లెక్కిస్తారని, 7 కంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చవలసిన తీవ్రస్థితి అని ఆయన వివరించారు. "దిష్టి కాదండీ, బిడ్డకు ఇనుము లేదు. కడుపు నిండా పాలే ఉంటే అన్నానికి చోటెక్కడిది?" అన్నారు.

నేను పాఠం చెప్పిన ఆయతు

తిరుగు ప్రయాణంలో మామిడి తోటల మధ్య బస్సు సాగుతుండగా నా మనసులో ఒకటే ఆయతు మెదులుతూ వచ్చింది. అది దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలోని 233వ ఆయతు. తల్లులు తమ బిడ్డలకు రెండు సంవత్సరాలు సంపూర్ణంగా పాలివ్వవచ్చునన్న మాట అందరికీ తెలుసు. అయితే ఆ ఆయతు అక్కడితో ఆగదు. పాలిచ్చే తల్లికి తిండి, బట్ట సముచితంగా సమకూర్చే భారం తండ్రి మీద ఉంచుతుంది. బిడ్డ మూలంగా తల్లి గాని తండ్రి గాని కష్టపెట్టబడరాదంటుంది. పాలు మాన్పించే విషయాన్ని తల్లిదండ్రులిద్దరూ పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయించుకోవాలంటుంది.

'తషావుర్' అనే ఆ పదానికి ధాతువు ఏమిటో, 'షూరా'తో దానికి గల సంబంధమేమిటో విద్యార్థులకు ఎన్ని మార్లు వివరించానో! ప్రపంచాధినేత అయిన అల్లాహ్ ఒక పసిబిడ్డ ఆహారం గురించి సంప్రదింపు చేయమని సూచించగా, నేను మాత్రం నా ఇంట్లో కోడలి మాటను ఒక నవ్వుతో కొట్టివేశాను. బిడ్డ తల్లికి తెలుసు. నర్సమ్మకు తెలుసు. తెలియనివాడిని నేను. నిర్ణయం మాత్రం నాది.

ప్రతి ఒక్కరూ కాపరులేనని, తమ అధీనంలోని వారి గురించి ప్రశ్నింపబడతారని దైవప్రవక్త (స) హెచ్చరించారు. వైద్యం చేయించుకొమ్మని, మందు లేని రోగాన్ని అల్లాహ్ దింపలేదని బోధించారు. ముందు ఒంటెను కట్టి, ఆ తరువాత అల్లాహ్ మీద భారం వేయమన్నారు. నేను ఒంటెను కట్టకుండానే దుఆ చదువుతూ కూర్చొన్నాను.

ఇనుము ఎక్కడి నుండి వస్తుంది, ఎక్కడికి పోతుంది?

ఆ తరువాత డాక్టరు గారిని, ఏఎన్ఎమ్ గారిని అడిగి నేను గ్రహించిన విషయాలను నాకు తెలిసిన మాటలలో చెబుతాను.

బిడ్డ తల్లి గర్భంలో ఉన్నప్పుడే ఇనుమును మూటగట్టుకొని పుడుతుంది. ఆ మూటలో ఎక్కువ భాగం చివరి మూడు నెలలలోనే చేరుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డకు అది సుమారు ఆరు నెలలు సరిపోతుంది. నెలలు నిండకుండా లేదా తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు మూట చిన్నది. అది ముందే కరిగిపోతుంది. అటువంటి బిడ్డలకు రెండు నెలల వయసు నుండే ఇనుము మందు అవసరం కావచ్చు గనుక డాక్టరును తప్పక అడగాలి. మా మనవడు ఈ కోవకు చెందినవాడే.

తల్లిపాలలో ఇనుము కొద్దిగానే ఉన్నా, బిడ్డ శరీరం దానిని చక్కగా గ్రహించుకొంటుంది. గేదెపాలు, ఆవుపాలు అలా కావు. వాటిలో ఇనుము నామమాత్రం. పైగా వాటిలోని కాల్షియం, మాంసకృత్తులు ఇతర ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనీయవు. ఏడాది లోపు బిడ్డలలో కొందరికి ఈ పాల వల్ల ప్రేగులలో కంటికి కనిపించనంత రక్తస్రావం కూడా జరుగుతుంది. అందుకే ఏడాది లోపు పశువుల పాలు ప్రధాన ఆహారం కాకూడదు. ఏడాది నిండిన తరువాత కూడా రోజుకు అరలీటరు మించకూడదు. చాయ్‌లోని వగరు గుణం కూడా ఇనుముకు శత్రువే. రస్కును చాయ్‌లో ముంచి పెట్టే మన ఇళ్ళ ముద్దు మురిపెం బిడ్డకు చేటు.

రక్తం పలుచనైతే నీరసంతోనే పోదు. మొదటి రెండేళ్ళు మెదడు వేగంగా ఎదిగే కాలం. అప్పుడు ఇనుము చాలకపోతే నేర్చుకొనే శక్తి, ఏకాగ్రత దెబ్బతింటాయి. ఆ నష్టం తరువాత మందులు వేసినా పూర్తిగా పూడకపోవచ్చు. హిఫ్జ్ తరగతిలో పాఠం నిలవక తడబడే పిల్లలను సోమరులని మందలించిన రోజులు ఇప్పుడు నాకు గుర్తుకు వస్తుంటాయి.

ఇది ఒక్క మా ఇంటి కథ కాదు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు పిల్లలలో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకు ముందు, 2015–16 సర్వేలో అది 58.6 శాతం. దేశం మొత్తం మీద 67.1 శాతం. 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో మన రాష్ట్రంలో 58.8 శాతం మంది రక్తహీనులు. తల్లి మూటే ఖాళీ అయినప్పుడు బిడ్డకు ఏమి కట్టి ఇవ్వగలదు?

బిడ్డ పుట్టక ముందు, పుట్టగానే

కనుక ఈ జాగ్రత్త గర్భంతోనే మొదలుకావాలి. గర్భిణికి నాల్గవ నెల నుండి రోజుకొక ఐరన్ మాత్ర చొప్పున కనీసం 180 రోజులు, ప్రసవం తరువాత మరో 180 రోజులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. వికారంగా ఉందని చాలామంది వాటిని పారవేస్తారు. అన్నం తిన్న తరువాత వేసుకొంటే వికారం తగ్గుతుంది. మాత్ర వేసుకొన్న వెంటనే పాలు గాని చాయ్ గాని త్రాగకూడదు. ఇంటి పెద్దలు గుర్తు చేసి మింగించాలి. రమజాన్‌లో తమకు గాని బిడ్డకు గాని హాని కలుగుతుందనుకొన్న గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు షరీఅత్ ఉపవాసం నుండి వెసులుబాటు ఇచ్చింది. వారు ఆ ఉపవాసాలను తరువాత పూర్తి చేసుకోవచ్చు. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని ఉపయోగించుకొన్న కోడలిని చులకనగా చూసే అధికారం అత్తమామలకు లేదు.

ప్రసవ సమయంలో బొడ్డుతాడును వెంటనే కత్తిరించకుండా ఒకటి నుండి మూడు నిమిషాలు ఆగితే, మాయలోని రక్తం బిడ్డకు చేరి ఇనుము నిల్వ పెరుగుతుంది. బిడ్డ ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఇలా చేయమని ముందుగానే ఆసుపత్రిలో అడగవచ్చు. దీనికి పైసా ఖర్చు లేదు.

పుట్టిన బిడ్డ అంగిట ఖర్జూరపు తీపి తాకించడం, అంటే తహ్నీక్, మనకు ప్రియమైన సున్నత్. కాని ఖర్జూరమే రక్తం పట్టిస్తుందనుకొని మిగిలిన ఆహారాన్ని మరువరాదు. అందులో ఇనుము స్వల్పమే. తేనె మాత్రం ఏడాది నిండే వరకు నాకించకూడదు. అది పసిబిడ్డలకు ప్రమాదకరమైన విషవ్యాధిని కలిగించవచ్చు.

ఆరు నెలల తరువాత పళ్ళెంలో ఏముండాలి?

ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే. మంచినీళ్ళు కూడా అక్కరలేదు. ఏడో నెల ప్రవేశించగానే తల్లిపాలతో పాటు ఆహారం మొదలు కావాలి. మొదట రెండు మూడు చెంచాలు, రోజుకు రెండు మూడు మార్లు. తొమ్మిదో నెల నుండి రోజుకు మూడు నాలుగు మార్లు. బిడ్డ రెండు ముద్దలు తిని ముఖం తిప్పుకోవడం సహజం. ఓపికతో మళ్ళీ మళ్ళీ పెట్టడమే మందు. నేను చేసినట్లు పాలసీసాతో ఆ ఓపికను చెడగొట్టకూడదు.

ఇక్కడ ఒక హదీసు గుర్తుకు వస్తుంది. రక్తం మనకు నిషిద్ధం. అయినా రెండు రక్తాలు మనకు ధర్మసమ్మతం చేయబడ్డాయని, అవి కార్జం, తిల్లీ అని ఇబ్నె మాజాలో ఉంది. బిడ్డ రక్తానికి మాంసాహారాలలో ఇవే శ్రేష్ఠమైనవి. మాంసంలోని ఇనుము ఆకుకూరలలోని ఇనుము కంటే సులువుగా ఒంటికి పడుతుంది. బక్రీదు నాడు ఖుర్బానీ కలేజీ ముందుగా వండుకొని పెద్దలమే తినివేస్తాము. అందులో రెండు చెంచాలు మెత్తగా ఉడికించి, నలిపి బిడ్డకు తినిపించాలి. అయితే కార్జంలో విటమిన్ ఏ చాలా ఎక్కువ గనుక బిడ్డకు వారానికి ఒక్కసారి మించరాదు. గర్భిణులు దానికి దూరంగా ఉండడమే మంచిది. మిగిలిన రోజులలో మెత్తగా ఉడికించిన కోడిమాంసం, ఖీమా, చేప, గుడ్డు పెట్టవచ్చు.

మాంసం కొనలేని ఇంటివారు దిగులుపడనక్కరలేదు. పెసరపప్పు, శనగలు, మునగాకు, తోటకూర మన పెరళ్ళలోనే ఉన్నాయి. వీటిలోని ఇనుము ఒంటికి పట్టాలంటే పులుపు తోడు కావాలి. పప్పులో నాలుగు చుక్కల నిమ్మరసం పిండినా, భోజనం వెంట మెత్తని జామపండు గుజ్జు పెట్టినా చాలు. ఇక బాలామృతం గోధుమలు, శనగపప్పు, పాలపొడి కలిపి పసిపిల్లల కోసమే తయారు చేసిన పిండి. అది బిడ్డ హక్కు. గేదెకు వేయడమంటే బిడ్డ అమానతును కాజేయడమే.

అటక మీది సీసా

అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం 2018లో ఆరంభమైంది. దాని క్రింద ఆరు నెలల నుండి అయిదేళ్ళ లోపు ప్రతి బిడ్డకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఐరన్ సిరప్ ఇవ్వాలి. అందులో 20 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. ఇది రక్తహీనత రాకుండా ఇచ్చేది. ఏదైనా తిన్న తరువాత వేయాలి. పాలతో కలపకూడదు. బిడ్డకు జ్వరంగా ఉంటే తగ్గేవరకు ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి. రక్తహీనత వచ్చిన బిడ్డకు మోతాదు వేరు. అది డాక్టరు బరువును బట్టి నిర్ణయిస్తారు. సీసా పిల్లల చేతికి అందకుండా పెట్టడం ముఖ్యం. ఒక్కసారిగా ఎక్కువ త్రాగితే అది విషమవుతుంది.

మట్టి తినే బిడ్డకు నులిపురుగులు తోడైతే ఉన్న రక్తం కూడా పోతుంది. ఏడాది నిండిన పిల్లలకు ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీలలో నులిపురుగుల మాత్ర ఇస్తారు. రెండేళ్ళ లోపు వారికి సగం మాత్ర. మరొక్క మాట. సరిగా మందు వేసినా నెల రోజులలో రక్తం పెరగకపోతే తలసీమియా పరీక్ష చేయించాలి. దగ్గరి సంబంధాలు చేసుకొనే కుటుంబాలలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఆ వ్యాధి ఉన్న బిడ్డకు ఐరన్ మందు మేలు చేయదు.

మా మనవడికి రెండు నెలలు ప్రతిదినం మందు వేశాము. పాలసీసా మాన్పించాము. మొదటి వారం వాడు ఏడ్చిన ఏడుపుకు మా ఆవిడ రెండు రాత్రులు నిద్రపోలేదు. తరువాత ఆకలి వేసి అన్నం తినడం మొదలుపెట్టాడు. నెల తిరిగేసరికి 9.1, రెండో నెలకు 11 దాటింది. మట్టి తినడం దానంతటదే మానుకొన్నాడు. అయినా అడుగులు వేయడానికి ఇరవై నెలలు పట్టింది. ఇప్పుడు నాలుగేళ్ళవాడు. నా దగ్గరే ఖాయిదా చదువుతున్నాడు. ఒక అక్షరం దగ్గర వాడు ఆగినప్పుడల్లా నా గుండె ఒక్క క్షణం ఆగుతుంది.

వాడికి నయమైన తరువాత ఒక రాత్రి కోడలిని పిలిచి, నా భార్య ఎదుటనే, "బేటీ, ఆ రోజు నీ మాట వినలేదు. నన్ను క్షమించు" అన్నాను. ఆమె తల వంచుకొని, "అబ్బా, రేపటి నుండి పాలు పిండాక నన్ను అడిగి ఇవ్వండి, చాలు" అంది. నేటికీ అడుగుతూనే ఉన్నాను.

మగ్రిబ్ తరువాత తల్లులు ఇంకా వస్తూనే ఉన్నారు. నేను ఇంకా దుఆ చదివి ఊదుతూనే ఉన్నాను. ఖుర్ఆన్‌లో స్వస్థత ఉందన్న నా విశ్వాసం ఇసుమంత కూడా తగ్గలేదు. కాని ఇప్పుడు దుఆ తరువాత తల్లి చేతనే బిడ్డ రెప్పను క్రిందికి దింపించి మస్జిద్ దీపం వెలుతురులో చూస్తాను. ఏం పెడుతున్నావమ్మా, ఎన్ని పాలు పోస్తున్నావు, సిరప్ సీసా ఎక్కడుంది అని మూడు మాటలు అడుగుతాను. రెప్ప తెల్లగా కనిపిస్తే రేపే రక్తపరీక్ష చేయించమని చెబుతాను. ప్రక్కన తండ్రి ఉంటే ఆ మాట అతనికే చెబుతాను.

యా అల్లాహ్! మాకు అప్పగించిన పసివారిని కాపాడే వివేకాన్ని మాకు ప్రసాదించు. మా ఇండ్లలో తల్లుల మాట వినే వినయాన్ని మాకు నేర్పు. ఆమీన్.